కవరు మట్టిలో పాము: దుబాయ్‌కి మొక్కలు పంపిన నా అనుభవం

మాది కడియపులంక దగ్గర చిన్న నర్సరీ. కొంత సొంత భూమి, కొంత కౌలు. మొన్నటిదాకా మా లోడ్లన్నీ లారీల్లోనే, హైదరాబాద్, నాగపూర్, రాయపూర్, భువనేశ్వర్ అలా వెళ్లేవి, దేశం దాటించి మొక్క పంపింది లేదు. పోయిన ఏడాది ఒక ఎక్స్‌పోర్టరు ద్వారా మా మొక్కలు కంటైనర్లో దుబాయ్ వెళ్లాయి. ఆ పని ఎలా జరిగిందో, మధ్యలో పాముల గొడవ ఎక్కణ్నుంచి వచ్చిందో రాస్తున్నాను. మా వైపు ఇప్పుడు చాలామంది ఎక్స్‌పోర్ట్ చేద్దామంటున్నారు, ఎవరిని అడిగినా కాగితాల గురించి గంట చెప్తారు గానీ మట్టి గురించి మాత్రం ఒక్కళ్లూ చెప్పరు.

కడియం తెలియనివాళ్ల కోసం ఒక మాట. రాజమండ్రి దాటి హైవే మీద వస్తుంటే వేమగిరి, జేగురుపాడు, కడియపులంక, బుర్రిలంక, ఎటు చూసినా నర్సరీలే. ఇక్కడ మొక్క అంటే మట్టితో సహా అమ్మే మొక్క. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నల్ల కవర్లలో నింపి, కొమ్మ గుచ్చో విత్తనం వేసో నేల మీద వరసల్లో పేర్చేస్తాం. కొన్ని రకాలు అమ్ముడుపోయేదాకా ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. కవరు కింద చిల్లుల్లోంచి వేరు నేలలోకి దిగిపోతుంది, లోడు రోజున పార పెట్టి లేపాల్సి వస్తుంది. వేరు కిందికి దిగే చిల్లు లోంచే నేలలో ఉన్నవి పైకి కూడా వస్తాయి కదా. ఇన్నేళ్లు ఈ పనిలో ఉండి కూడా దీని గురించి ఆలోచించే అవసరం ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే అడిగినవాళ్లు లేరు.

ఆర్డర్ మాట్లాడేటప్పుడు ఎక్స్‌పోర్టర్ రెండు షరతులు పెట్టాడు. మట్టి ఒక్క గింజ కూడా ఉండకూడదు. పాము అసలే ఉండకూడదు. మొదటిది ఎప్పుడూ వినేదే, చాలా దేశాలు మట్టి రానివ్వవు. రెండోది విని నవ్వొచ్చింది. మొక్కల డబ్బాలో పాముని ఎవరు పెట్టి పంపుతారండీ అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ కొనేవాళ్లకి అంతకుముందు వేరే ఎవరి దగ్గర్నుంచో వచ్చిన సరుకులో పైన కోకోపీట్ (కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు) వేసి అడుగున మట్టి ముద్ద అలాగే ఉంచేశారట. యార్డులో దించుతుంటే కుండీల్లోంచి నల్లగా సన్నగా ఏవో జారిపడ్డాయి. అక్కడ ల్యాండ్‌స్కేపింగ్ పనుల్లో మనవాళ్లు బాగానే ఉంటారు, ఆ యార్డు సూపర్వైజర్ కూడా అమలాపురం వైపు అబ్బాయే. అతను తీసిన వీడియో నాకు పంపించారు.

వీడియో చూసి మా మేస్త్రి "ఇదేం పామండీ, వానపాము కదా" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. జానెడు పొడవు కూడా లేదు, బూటు లేసంత మందం, నిగనిగలాడుతూ నలుపు. కానీ వానపాము అలా కదలదు. ఇది ఇసుక మీద మెలికలు తిరుగుతూ పరుగెత్తుతోంది, దగ్గరగా తీసిన చోట నాలుక బయటికీ లోపలికీ ఆడిస్తోంది. వానపాముకి నాలుకేంటి!

మా బావమరిది డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాడు. అతనికి పంపితే పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. "బావగారూ, ఇది గుడ్డిపాము, మీ నర్సరీలో కూడా కచ్చితంగా ఉంటుంది, తవ్వి చూడండి" అన్నాడు. తర్వాత ఆదివారం భోజనానికి వచ్చి మొత్తం చెప్పాడు. నాకు అప్పటిదాకా తెలియని సంగతులే అన్నీ.

ఈ పాము విషం లేనిది. కరుద్దామన్నా నోరు చాలదు. కళ్లు పొలుసుల కింద రెండు చుక్కల్లా ఉంటాయి, వెలుతురూ చీకటీ తేడా తెలిస్తే ఎక్కువ. తోక చివర చిన్న ముల్లు లాంటిది ఉంటుంది, చేత్తో పట్టుకుంటే దాంతో పొడుస్తుంది, గుచ్చుకోదు గానీ ఉలిక్కిపడి వదిలేస్తాం. చీమల గుడ్లు, చెదపురుగుల గుడ్లు, పిల్ల పురుగులు తిని బతుకుతుంది. వానపాముకి ఒంటి మీద ఉంగరాలు ఉంటాయి, జిగురుగా ఉంటుంది. దీనికి పొలుసులు, పొడిగా నున్నగా ఉంటుంది. ఇంతవరకు మామూలే. అసలు సంగతి ఏంటంటే ఈ జాతిలో మగ పామే లేదు. అన్నీ ఆడవే. జత అక్కర్లేకుండా గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లలోంచి మళ్లీ ఆడ పాములే వస్తాయి. పాముల్లో పూర్తిగా ఇలాగే బతికే జాతి ఇదొక్కటేనట. అంటే కొత్త దేశంలో కాలు పెట్టడానికి దీనికి జంట అక్కర్లేదు, ఒక కుండీలో ఒక్కటి చేరితే చాలు. ఇంగ్లీషులో దీన్ని పూలకుండీ పాము అంటారని చెప్పాడు. 1930లో హవాయిలో కనపడింది, ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చిన మొక్కల మట్టిలో వచ్చి ఉంటుందంటారు. 1970ల చివర్లో అమెరికాలోని ఫ్లోరిడాలో బయటపడింది. ఇప్పుడు మెక్సికో, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, గల్ఫ్ దేశాలు, అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఉంది. నేల పాముల్లో దీనంత దూరం తిరిగింది ఇంకోటి లేదు. అంతా మనుషులు మోసుకెళ్లిందే, పాము సొంతంగా ఈదుకుంటూ వెళ్లింది కాదు.

ఇంకో సంగతి చెప్పాడు, అది విని నేను కంచం పక్కన పెట్టాను. ఈ పాముని శాస్త్రంలోకి ఎక్కించింది మన విశాఖపట్నం నుంచే! ప్యాట్రిక్ రస్సెల్ అని స్కాట్లాండ్ డాక్టరు, ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేస్తూ విశాఖలో ఉండేవాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఆయన మీద పెట్టిందే. కోరమాండల్ తీరం పాముల మీద ఆయన పుస్తకం 1796లో వచ్చింది. మనవాళ్లు దీన్ని ఏమని పిలిచారో అదే పేరు, రెండు తలల పాము అని, ఇంగ్లీషు అక్షరాల్లో బొమ్మ పక్కన రాసుకున్నాడు. తల ఏదో తోక ఏదో తెలియదు కదా, అందుకని. ఆ బొమ్మ ఆధారంగానే దోదాఁ అనే ఫ్రెంచి ఆయన 1803లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. (ఇప్పుడు రెండు తలల పాము అని లక్షలకి అమ్ముతామంటూ మోసాలు చేసేవాళ్లు చూపించేది ఇది కాదు, అది ఇసుకలో ఉండే లావుపాటి వేరే పాము. అది కొన్నా అమ్మినా జైలుకే.)

సరే, పనిలోకి వస్తాను.

మొక్కల జాబితా ఎక్స్‌పోర్టర్ ఇచ్చాడు: దేవగన్నేరు, అడీనియం, బోగన్‌విల్లా, ఫైకస్, కొన్ని పామ్‌లు (తాటి, ఈత జాతి అలంకార చెట్లు). అందులో దేవగన్నేరు, అడీనియంలకి ఇబ్బంది లేదు. వాటిని పీకి వేళ్లు కడిగి నీడలో ఆరబెట్టినా చావవు, ఒంట్లో నీళ్లు దాచుకునే రకాలు. ఫైకస్ కడిగితే అలుగుతుంది, ఆకు రాలుస్తుంది, మళ్లీ తేరుకుంటుంది. బోగన్‌విల్లా వేరు ముట్టుకుంటే చాలు ఎండిపోతుంది, దాన్ని మట్టిలో పెంచి కడిగి పంపడం జరిగే పని కాదు. కాబట్టి కొమ్మ గుచ్చేటప్పుడే కోకోపీట్‌లో గుచ్చాలి. పామ్‌లలో ఫాక్స్‌టైల్ కూడా అంతే. ఈ ఆర్డర్‌లో పామ్‌లు తీసేయించాను. అవి కావాలంటే మొలక దశ నుంచే వేరేగా పెంచాలి, సంవత్సరాల పని.

కోకోపీట్ మనకి దొరకనిదేమీ కాదు, పక్కనే కోనసీమ. కొబ్బరి పీచు తీసే చోట పొట్టు గుట్టలు గుట్టలు. అయితే ఆ గుట్ట నేల మీద వానకి తడుస్తూ నెలల తరబడి ఉంటే అందులో కూడా చీమలు పుట్టలు పెడతాయి, చీమలున్న చోటికి ఈ పాము వస్తుంది. మట్టి కాదు కదా అని గుడ్డిగా నమ్మడానికి లేదు. అందుకే గుట్ట నుంచి కాకుండా నొక్కి కట్టిన దిమ్మలు తెప్పించాను, అవి ఆరబెట్టి గట్టిగా నొక్కినవి కాబట్టి లోపల ఏదీ బతికి ఉండే అవకాశం తక్కువ. వాటిని నానబెట్టి ఉప్పు పోయేదాకా మంచి నీళ్లతో కడగాలి, ఉప్పుంటే కొత్త వేరు మాడిపోతుంది.

ఇక చోటు. నేల మీద పెడితే ఎంత శుభ్రమైన కవరైనా నెల తిరిగేసరికి అదే కథ. షెడ్డు కింద సిమెంటు గచ్చు పోయించి, దాని మీద ఇనప బల్లలు వేయించి, కవర్లన్నీ బల్లల మీద పెట్టాం. ఖర్చంతా ఇక్కడే అయింది. మా నాన్నగారు వచ్చి చూసి "మొక్కలకి డైనింగ్ టేబుళ్లు వేశావేంట్రా" అన్నారు. నవ్వుకున్నాం గానీ, మొత్తం వ్యవహారంలో పాము రాకుండా ఆపిన పని ఏదైనా ఉందంటే ఇదే. మందు కొట్టడం కాదు. పురుగుమందు కలిపిన నీళ్లలో వేళ్లు ముంచడం వేరే వాటి కోసం చేస్తాం, పాము కోసం అదొక్కటే నమ్ముకుంటే లాభం లేదు.

కడిగే పని వానలు తగ్గాక మొదలుపెట్టాం. మా దగ్గర కవర్లు నింపే ఆడవాళ్లే ఈ పని చేశారు, వాళ్ల చేతికి ఉన్న నేర్పు మగవాళ్లకి ఉండదు. ముందు రోజు సాయంత్రం కవర్లని పెద్ద టబ్బుల్లో నీళ్లు నిండా పోసి నానబెట్టేవాళ్లం, మట్టి మెత్తబడితే వేరు తెగకుండా వస్తుందని. అలా నానబెట్టినప్పుడే మొదటి గుడ్డిపాము కనపడింది. పెద్ద వాన పడ్డాక ఇవి ఎలా బయటికి వస్తాయో అలాగే టబ్బులో నీళ్లు ఎక్కేసరికి ఊపిరాడక పైకి వచ్చేశాయి. ఒక పెద్దావిడ చూసి "అమ్మో, చెవిలో దూరుద్దండి బాబూ ఇది" అని కేక పెట్టింది. అంతే, అందరూ చెవులకి తువ్వాళ్లు చుట్టేసుకున్నారు. మా బావమరిది చెప్పిన సంగతులన్నీ నేను చెప్పాను, విషం లేదు, చెవిలో దూరదు, చీమల గుడ్లు తింటుంది అని. ఆవిడ అంతా విని "ఆయ్, అలాగేనండి" అని తువ్వాలు ఇంకాస్త బిగించి కట్టుకుంది. సాయంత్రం దాకా ఎవరూ విప్పలేదు. నేనూ మళ్లీ చెప్పలేదు, తువ్వాలు కట్టుకుంటే పని ఆగదు కదా.

రెండు మూడు రోజులకి భయం పోయి లెక్క మొదలైంది. ఏ వరస కవర్లలో వస్తున్నాయో, ఏ వరసలో రావట్లేదో వాళ్లే కనిపెట్టారు. కదలకుండా ఏళ్లుగా ఒకేచోట ఉన్న కవర్లలోనే ఎక్కువ. అందులోనూ అడుగున ఎర్రచీమల పుట్ట ఉన్నవాటిలో. ఈ మధ్య నింపిన కవర్లలో వెతికినా లేవు. పశువుల ఎరువు సరిగ్గా మాగకుండా కలిపిన వాటిలో చెద ఎక్కువ, చెద ఉన్న చోట ఇవి. పాములొక్కటే కాదు, ఆ మట్టిలో జెర్రులు, తేలు పిల్లలు, నత్త గుడ్లు, ఒక సంత. ఆఫ్రికా నత్త మన దేశానికి వచ్చి నూట డెబ్బై ఏళ్లు దాటింది, కానీ ఊరి నుంచి ఊరికి దాన్ని పంచిపెడుతున్నదాంట్లో మన మొక్కల లోడ్ల వాటా తక్కువేం కాదని నా అభిప్రాయం. మా తోటి నర్సరీ వాళ్లకి ఈ మాట నచ్చదు.

దొరికిన గుడ్డిపాముల్ని చంపనివ్వలేదు. తడి మట్టి వేసిన బకెట్లో వేసి, సాయంత్రం కాలవ గట్టు మీద కొబ్బరి చెట్ల మొదట్లో వదిలేసేవాళ్లం. అవి ఇక్కడివే, ఇక్కడ ఉంటే ఎవరికీ నష్టం లేదు, చెద తింటాయి కాబట్టి కొంత లాభమే.

పెద్ద పాముల సంగతి వేరు. అవి మాకు కొత్త కాదు. గుబురుగా పెరిగిన ఫైకస్‌లో పసిరిక పాము, కొబ్బరి మట్టలు పోగేసిన చోట జెర్రిపోతు, నీళ్ల తొట్టి పక్కన నీరుకట్టె. గడ్డివాము, పొట్టు బస్తాల దగ్గర రక్తపింజరి ఉండే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, అందుకే అక్కడ కర్రతో కదిపి గానీ చెయ్యి పెట్టకూడదని కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకి మొదటి రోజే చెప్తాం, కాటు పడితే నాటు మందుల దగ్గరికి కాకుండా నేరుగా పెద్దాసుపత్రికే అని కూడా. కానీ పెద్ద పాము లోడులో ఉంటే ఎవరో ఒకరు చూస్తారు, కేక పెడతారు, దించేస్తారు. దేశాలు దాటుతున్నవి కంటికి ఆననివి, లేదా చెట్టు తొర్రలో నిద్రపోతున్నవి.

తొర్ర అంటే గుర్తొచ్చింది. మా బావమరిది చెప్పిన ఇంకో కథ. స్పెయిన్‌కి చెందిన ఇబిజా అని ఒక దీవి ఉంది, టూరిస్టులు తెగ వెళ్తారు. అక్కడ పాములే ఉండేవి కావు. హోటళ్ల ముందు, విల్లాల ముందు అందం కోసం స్పెయిన్ ప్రధాన భూభాగం నుంచి ముసలి ఆలివ్ చెట్లని వేళ్లతో సహా పెకలించి ఓడల్లో తెప్పించుకోవడం మొదలుపెట్టారు. ఎంత ముసలిదైతే అంత రేటు, ఎన్ని వంకర్లుంటే అంత అందం. అలాంటి చెట్ల మానుల్లో తొర్రలుంటాయి, ఆ తొర్రల్లో చలికాలం పాములు పడుకుంటాయి, గుడ్లు కూడా పెడతాయి. 2003 నుంచి ఆ దీవిలో ఒంటి మీద గుర్రపు నాడా ఆకారం గుర్తుండే ఒక జాతి పాము కనపడటం మొదలైంది. విషం ప్రమాదం లేదు, మనుషులకేం కాదు. కానీ అక్కడా పక్క దీవుల్లో మాత్రమే సహజంగా ఉండే ఒక బల్లి జాతి ఉంది, పచ్చగా నీలంగా భలే రంగుల్లో ఉంటుందట, ఆ బల్లికి పాముని చూస్తే పారిపోవాలని తెలియదు, తరతరాలుగా పాము లేదు కదా. పాము చేరిన చోటల్లా బల్లులు మాయమైపోతున్నాయి. పాములేమో అక్కడ తిండి ఎక్కువై సొంత ప్రాంతంలో కంటే పెద్దగా పెరుగుతున్నాయి, ఒడ్డు నుంచి పక్కనున్న చిన్న దీవులకి ఈదుకుంటూ వెళ్తున్నాయి కూడా. ఇప్పుడు ఊరూరా ఎలకని ఎరగా పెట్టిన పెట్టెలతో పట్టుకుంటున్నారు.

ఇది విన్నాక నాకు టెన్షన్ పట్టుకుంది, మన ఎగుమతుల గురించి కాదు, దిగుమతుల గురించి. మా కడియం వైపు ఈ మధ్య అర్జెంటీనా నుంచి, స్పెయిన్ నుంచి వందేళ్ల చెట్లు అంటూ కంటైనర్లలో దిగుతున్నాయి. రాజకీయ నాయకులు, సినిమా వాళ్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు లక్షలు పెట్టి కొంటున్నారు. మన దేశంలోకి విదేశీ మట్టి రాకూడదని 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఉంది, తనిఖీ ఉంటుంది. కానీ రెండు చేతులూ చాలని మాను లోపల తొర్రలో ఏముందో టార్చిలైటు వేసి చూసేది ఎంతమంది? గుడ్డిపాము అయితే మన దగ్గర ఉన్నదే. రాకూడనిది వస్తే ఏ శాఖకి ఫోన్ చేయాలో కూడా మాలో ఎవరికీ తెలియదు, నేను అడిగి చూశాను, ఒకరు వ్యవసాయ శాఖ అన్నారు, ఒకరు అటవీ శాఖ అన్నారు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇది అందరూ చెప్తారు కాబట్టి. ఐఈసీ నంబరు (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే కోడ్) ఎక్స్‌పోర్టర్‌దే. కొనేవాళ్లు అక్కడి ప్రభుత్వం దగ్గర ఇంపోర్ట్ పర్మిట్ తీసుకుని మనకి పంపాలి, అందులో ఏ ఏ షరతులున్నాయో ముందే చదువుకోవాలి, మొక్కలు సిద్ధం చేశాక కాదు. తర్వాత ప్లాంట్ క్వారంటైన్ వాళ్లకి ఆన్‌లైన్లో దరఖాస్తు, ఫీజు, తనిఖీ, అంతా బాగుంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే మొక్కలకి పురుగులు, తెగుళ్లు లేవని ఇచ్చే కాగితం. చెక్క ప్యాలెట్లు వాడితే ఆ చెక్కని లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచో, ఒప్పుకున్న ఇంకో పద్ధతిలో శుద్ధి చేసో ముద్ర వేయించినవే వాడాలి, ముద్ర లేకపోతే మొక్కలు బాగున్నా కంటైనర్ ఆగిపోతుంది.

తనిఖీకి వచ్చినాయన ఓపికమంతుడు. ఒక్కో రకంలో కొన్ని మొక్కలు తీసి, వేళ్లు నీళ్లలో జాడించి, భూతద్దంతో చూశాడు. వేరు బుడిపెలు ఉన్నాయా, నులిపురుగులు ఉన్నాయా, ఆకు అడుగున పిండినల్లి ఉందా, ఇవీ ఆయన చూసేవి. ఫైకస్‌లో కొన్నిటికి వేరు మొదట్లో మట్టి అంటుకుని ఉందని మళ్లీ కడిగించాడు. పాముల గురించి నేనే అడిగాను. ఈ సర్టిఫికెట్ మొక్కల పురుగులు, తెగుళ్ల గురించండీ, పాము మొక్కల తెగులు కాదు కదా అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. సర్టిఫికెట్ ఉందంటే పాము లేదని కాదు. అది చూడాల్సింది నర్సరీలోనే, కడిగేవాళ్ల కళ్లే. మట్టి లేకపోతే పాముకి దాదాపు చోటే ఉండదు కాబట్టి మట్టి షరతు గట్టిగా పాటిస్తే అదీ ఇదీ ఒకేసారి తీరిపోతాయి, అంతవరకు ఆ కాగితం ఉపయోగపడుతుంది.

ప్యాకింగ్ రోజు చిన్న గొడవ. లోడింగ్‌కి వచ్చిన కుర్రాళ్లు డబ్బాల్లో మొక్కలు కదలకుండా వరిగడ్డి దోపబోయారు, లారీ లోడ్లకి ఎప్పుడూ అదే చేస్తాం. గడ్డివాము నుంచి తెచ్చిన గడ్డి ఇన్నాళ్ల కష్టాన్ని నీళ్లలో పోసేది. ఆపించి, తడిపిన కోకోపీట్ వేళ్ల చుట్టూ పెట్టి ప్లాస్టిక్ చుట్టి, ఖాళీల్లో కాగితం కూరించాం. దేవగన్నేరు, అడీనియం వేళ్లు ఆరబెట్టి ఒట్టిగానే వెళ్లాయి. డబ్బాలన్నీ బల్లల మీదే నింపాం, నేలకి దించలేదు. కంటైనర్ రాత్రి వస్తానని తెల్లారి వచ్చింది, అది మామూలే.

అక్కడ పోర్టులో వాళ్లు కూడా డబ్బాలు విప్పి వేళ్లు దులిపి చూశారట. క్లియర్ అయింది. అమలాపురం అబ్బాయి యార్డు నుంచి ఫోటోలు పంపాడు. ఫైకస్‌లు దాదాపు బోడిగా దిగాయి, నెలన్నరకి చిగురేశాయి. బోగన్‌విల్లాలు బాగున్నాయి. అడీనియంలో కొన్ని కుళ్లాయి, ప్యాక్ చేసేటప్పుడు తడి పూర్తిగా ఆరలేదని నా అనుమానం, ఎక్స్‌పోర్టర్ మాత్రం కంటైనర్ చలి వల్ల అంటాడు. "పాము దొరికిందా తమ్ముడూ" అని అడిగితే "లేదన్నా, ఈసారి మావాళ్లు చెప్పుల్లేకుండా దించారు" అని మెసేజ్ పెట్టాడు.

దేశం లోపల లోడ్లకి ఇదంతా చేస్తామా అంటే చెయ్యం, చెయ్యలేం. రాయపూర్ కొనేవాడికి మట్టి ముద్దతో ఉన్న మొక్కే కావాలి, ఎండలో బతికేది అదే, రేటు కూడా దానికే. అక్కడ ఈ గుడ్డిపాము ముందే ఉంది కాబట్టి కొత్తగా పోయేదేమీ లేదు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క పాము వల్ల ప్రపంచంలో ఎక్కడైనా పెద్ద నష్టం జరిగిందని మా బావమరిది కూడా చెప్పలేదు. అయినా దీవుల ఆర్డర్లు వస్తే నేను మట్టితో పంపను. మట్టిలో గుడ్డిపాము ఒక్కటే ప్రయాణం చేస్తుందని రాసివ్వలేను కదా. ఆ మధ్య అండమాన్‌లో ఒక రిసార్ట్ కోసం పెద్ద చెట్లు మట్టి ముద్దతో కావాలని అడిగారు, కోకోపీట్‌లో పెరిగిన చిన్నవి ఇస్తానన్నాను, వాళ్లు వేరేచోట కొనుక్కున్నారు. పోతే పోయింది.

లోపలి లోడ్లకి కూడా రెండు మార్పులు మాత్రం చేశాను, ఖర్చు లేనివి కాబట్టి. వరసల్లో కవర్లని ఏడాదికోసారైనా లేపి పక్కకి జరిపిస్తున్నాను, వేరు నేలలోకి దిగదు, చీమలు కాపురం పెట్టవు. ఎరువు బాగా మాగాకే కలుపుతున్నాం.

రెండో కంటైనర్‌కి ఇప్పుడు కడుగుతున్నాం. కడిగే ఆడవాళ్లు ఈసారి ముందే కూర్చుని మాట్లాడుకున్నారు, కవర్లు నింపే కూలి వేరు, ఇది వేరు అన్నారు. నీళ్లలో రోజంతా చేతులు నానతాయి, పైగా పాములు పట్టేది కూడా మేమే అన్నారు. ఒప్పుకున్నాను, రోజుకి వంద ఎక్కువ, చేతి గ్లౌజులు, కొత్త తువ్వాళ్లు. ఎక్స్‌పోర్టర్‌తో రేటు మాట్లాడేటప్పుడు ఆ వంద కూడా కలిపే చెప్పాను, బేరం ఇంకా తెగలేదు.